క్యారియరు ఉంది, కెరీరు లేదు



ముందుగా మీకు ఒక క్షమాపణ చెప్పుకోవాలి. 2025 ఉగాది సంచికలో ఇదే పేజీలో మా ఆఫీసు క్యాంటీను గురించి రాశాను, గుర్తుండే ఉంటుంది. సాంబారులో ముల్లంగి ముక్క ఎవరి గిన్నెలో పడిందన్న తగాదాలూ, ఉప్మా పేరు వినగానే మాయమయ్యే ఉత్తరాది మిత్రులూ, ఇళ్ళ నుంచి తెచ్చుకున్న క్యారియర్లు విప్పగానే కమ్ముకునే పదహారు రకాల వాసనలూ – చాలామంది బాగుందన్నారు. శ్రీరామనవమి నాడు పానకం వరసలో నిలబడి ఉంటే సంఘం పెద్దాయన ఒకరు భుజం తట్టి, "మీ క్యాంటీనుకు ఒకసారి రావాలయ్యా" అన్నారు కూడా. నేను నవ్వి ఊరుకున్నాను.

నవ్వక ఏం చేయను? అది రాసేనాటికి నాకు ఆఫీసూ లేదు, క్యాంటీనూ లేదు. 2025 జనవరి ఆఖరి వారంలో మా కంపెనీ బెంగళూరు శాఖ మూతబడింది. ఆ వ్యాసం రాసింది కబ్బన్ పార్కులో, వెదురు పొదల పక్కన ఒక బెంచీ మీద కూర్చుని. ఆ తరువాత రెండు సంచికల్లో ఈ పేజీ మీకు కనబడలేదు. సంపాదకులు మర్యాదస్తులు గనుక "రచయిత ఊళ్ళో లేరు" అని వేశారు. నేను ఊళ్ళోనే ఉన్నాను. ఎక్కడికి పోతాను!

సంగతి మొదటినుంచీ చెబుతాను.

2019లో నేను బీకాం రెండో సంవత్సరంలో ఉన్నాను. ఫోనులో ఇంగ్లీషు గడగడా మాట్లాడితే చాలు, డిగ్రీ అక్కరలేదు, ఉద్యోగం ఇస్తామన్నారు. అమెరికాలో ఎవరి కారు ఎవరిని గుద్దినా ఆ ఫోను నాకు వచ్చేది. మొదట్లో రాత్రి డ్యూటీ, తరువాత పగటి డ్యూటీ. నాన్నగారు ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. కాలేజీ మానేస్తున్నానంటే కోప్పడలేదు. "మానేసేది సులభంరా. మళ్ళీ చేరేదే కష్టం" అన్నారు. అప్పుడు నా వయసు ఇరవై. జవాబుగా నా మొదటి జీతం ఎంతో చెప్పాను. ఆయన మరి మాట్లాడలేదు.

ఆ ఉద్యోగం పోయిన రోజున ఇంటికి వస్తూ ఉంటే నాకు గుర్తొచ్చింది ఆ మాటే. గేటు దగ్గర ఐదు నిమిషాలు నిలబడ్డాను. లోపలికి వెళ్ళి, "ఇవాళ పని ఎక్కువ" అన్నాను. అంతే, అబద్ధం అక్కడ మొదలయింది.

మరునాడు అమ్మ యథాప్రకారం ఐదింటికి లేచి క్యారియరు కట్టింది. పట్టుకుని బయలుదేరాను. రాజాజీనగర్‌లో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో దిగి రైలు మారి, కబ్బన్ పార్కులో దిగడం. అక్కడ దివాన్ శేషాద్రి అయ్యర్ పేరిట 1915లో కట్టిన ఎర్ర మేడ ఉంది గదా, ఇప్పుడది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. ఫ్యాను కింద కూర్చుని పేపరు చదివితే ఎవరూ ఏమీ అడగరు. నాలాంటి వారిని అక్కడ చాలామందిని చూశాను. ఇస్త్రీ చొక్కా, మెడలో పాత కంపెనీ పట్టీ, పక్కన టిఫిన్ డబ్బా. ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు. పన్నెండున్నరకు బయట చెట్టు కింద అన్నం తిని, ఖాళీ క్యారియరు కడుక్కుని, మళ్ళీ లోపలికి. సాయంత్రం ఆరున్నరకు అలసిపోయిన ముఖం పెట్టుకుని ఇంటికి. ఆ ముఖం నటన కాదు సుమండీ. పని లేకపోవడంలో ఉన్నంత అలసట పనిలో లేదు.

ఫిబ్రవరి 9న మెట్రో చార్జీలు పెరిగాయి. లేని ఆఫీసుకు పోవడానికి కూడా పెరిగిన చార్జీయే ఇచ్చాను.

ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టలేదా అంటారేమో. అరవై ఒకటి పెట్టాను. ఇప్పుడంతా ఫోనులోనే. పేరు, వయసు, అనుభవం – అంతవరకూ బాగానే సాగేది. "డిగ్రీ ఉన్నదా?" అన్న చోట "లేదు" అని నొక్కితే పేజీ మూసుకుపోయేది. ఆరేళ్ళ అనుభవం అనే నా సరుకును విప్పి చూపించేలోపే అంగడి తలుపు వేసేసినట్టు ఉండేది. చేతిలో క్యారియరు ఉంది గాని కెరీరు లేదు.

మార్చి నాటికి చేతిలో డబ్బు అడుగంటింది. నెల మొదట్లో ఇంట్లో ఇవ్వవలసినది ఇవ్వాలి గదా, జీతం వస్తున్నట్టే ఇస్తున్నాను మరి. అప్పుడొక పని చేశాను. ఆ సంగతి చివర చెబుతాను. ప్రస్తుతానికి, ఒక పాత హెచ్ఎంటీ వాచీ జేబులో వేసుకుని చిక్కపేటలో దిగానని మాత్రం అనుకోండి. అమ్ముదామని.

మన ఇళ్ళలో హెచ్ఎంటీ వాచీ గురించి వేరే చెప్పాలా! ఇది మన ఊరి సరుకు. జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులోనే తయారీ మొదలయింది. అల్లుడికి పెట్టినా, కొడుకు పరీక్ష పాసైతే కొన్నా, రిటైరైన రోజున ఆఫీసు వారు చేతికి కట్టినా అదే వాచీ. తరువాత బ్యాటరీ వాచీలు వచ్చాయి, ఆ తరువాత ఫోనులోనే టైము వచ్చింది. 2016 జనవరిలో వాచీల కంపెనీ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఇప్పుడు జాలహళ్ళిలో మ్యూజియం ఉంది. ఫ్యాక్టరీ పోయాక వాచీకి గిరాకీ పెరిగింది. జనతా, పైలట్ వంటి పాత రకాలను వెతుక్కుని కొనేవాళ్ళు ఉన్నారని విని నేనూ వెళ్ళాను.

చిక్కపేట సందులో మెట్ల కింద మూడడుగుల వెడల్పు కొట్టు ఒకటి. అందులో డెబ్బై దాటిన ఒక తాత, కంటికి భూతద్దం బిగించుకుని ఉన్నాడు. వాచీ చూపించి కన్నడంలో అడగబోతే ఆయనే తెలుగులో అన్నాడు. "అమ్మేదానికి వచ్చినావా, బాగు చేయించేదానికా?"

"అమ్మడానికే తాతా. ఇది ఆగిపోయి చాలా ఏళ్ళయింది."

వెనక మూత తీసి చూశాడు. "ఇది చచ్చిపోలేదప్పా. నూనె ఎండిపోయింది, అంతే. కడిగి, నూనె వేస్తే నడుస్తుంది. ఎవరిది ఇది?"

నేను చెప్పలేదు. ఆయన మూత బిగించి వాచీ నా చేతిలో పెట్టేశాడు. "ఎవరిదో చెప్పలేని వస్తువు నేను కొనేది లేదు నాయనా. తీసుకుపో" అన్నాడు.

చెంప మీద కొట్టినట్టయింది. కాని కొట్టు ముందు నుంచి కదలబుద్ధి కాలేదు. పక్కనే నిలబడి ఆయన పని చూస్తూ ఉండిపోయాను. మరునాడూ వెళ్ళాను. మూడో రోజున ఆయనే, "ఏమప్పా, దినామూ క్యారియరు పట్టుకుని వస్తావు. పని లేదా?" అన్నాడు. అన్ని రోజుల్లో నన్ను ఆ ప్రశ్న సూటిగా అడిగిన మొదటి మనిషి ఆయనే. "లేదు తాతా" అన్నాను. ఇంట్లో అమ్మతో అనలేని మాట, ఊరూ పేరూ తెలియని మనిషితో అనేశాను. ఆయన పక్కకు జరిగి స్టూలు చూపించాడు.

అట్లా పట్టుకుంది నాకీ వాచీల పిచ్చి. మొదటి నెలంతా ఆయన నా చేత చేయించింది పెట్రోలులో చక్రాలు కడగడం, మెత్తటి గుడ్డతో తుడవడం, మరలు వరసగా ఒక పళ్ళెంలో పెట్టడం. ఆవగింజంత మర ఒకటి ఎగిరి కింద పడితే దాన్ని వెతకడానికి గంట. చేతులు వణికితే పట్టకారు లాక్కునేవాడు. పని చేస్తూ చెప్పేవాడు. "కీ ఇస్తే లోపల మెయిన్ స్ప్రింగు చుట్టుకుంటుంది. చుట్టుకున్నది విప్పుకోవాలని చూస్తుంది. ఒక్కసారిగా వదిలితే ముల్లు గిర్రున తిరిగి ఊరుకుంటుంది. అందుకని దాన్ని పట్టి పట్టి వదలాల. ఆ పట్టి వదిలే చప్పుడే మనకు వినబడేది." జనతా వాచీలో ఆ పట్టి వదలడం సెకనుకు ఐదుసార్లు, గంటకు 18,000 సార్లు. అరగకుండా ఇరుసుల కింద కెంపురాళ్ళు, మొత్తం 17. ఇదంతా రూపాయి బిళ్ళకన్న కాస్త పెద్ద డబ్బీలో.

నా ఆరేళ్ళ జీతం ఎట్లా గిర్రున తిరిగి ఊరుకుందో నాకప్పుడు తెలిసింది.

ఇక మే నెలకు వద్దాం. ఒక ఆదివారం సాయంత్రం నాన్నగారికి ఫోను వచ్చింది. మన పత్రిక పాఠకులే ఒకరు. వారి ఆఫీసు మా ఆఫీసు ఉండిన భవనంలోనే పై అంతస్తులో ఉందట. ఉగాది సంచిక ఆలస్యంగా చదివారట. పాపం, మంచి మనసుతోనే చేశారు. నాన్నగారు ఊఁ కొడుతూ విని, ఫోను పెట్టేసి, నా వైపు తిరిగి మామూలుగానే అడిగారు.

"మీ క్యాంటీనులో నిన్న ఏం కూర?"

"బీన్స్ పల్య" అన్నాను తడుముకోకుండా.

"జనవరి నుంచి తాళం వేసి ఉందట గదరా. తాళం వేసిన గదిలో బీన్స్ ఎవరు వండారు?"

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాది నాలుగు నెలలు అతికింది, ఒక్క బీన్స్ కూరతో ఊడింది.

అమ్మ వంటింటి గడపలో నిలబడి అంతా విన్నది. "ఉద్యోగం పోతే పోయింది. నీవు పార్కులో తినేదానికి నన్ను నాలుగు నెలలు ఐదింటికి లేపించావు గదరా" అన్నది. నవ్వుతూ అన్నదేమో అనుకుని తలెత్తి చూశాను. నవ్వడం లేదు.

నాన్నగారు తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన కోపం ఉద్యోగం పోయినందుకు కాదు. ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి, ఫ్యాక్టరీలు మూతబడతాయని నాకన్న ఆయనకే బాగా తెలుసు. ఆయన బాధంతా ఇంట్లో కూర్చుని అన్నం తినే హక్కు ఉన్నవాడు పరాయివాడిలా పార్కులో తిన్నాడే అని. ఇది అమ్మ చెబితే తెలిసింది. పదో రోజున నేనే వెళ్ళి, "నాన్నా, మళ్ళీ కాలేజీలో చేరతాను" అన్నాను.

"నా కోసమా, నీ కోసమా?"

"ఫారం కోసం. అరవై ఒక్క ఫారాలు అడిగాయి" అన్నాను. ఆయన మీసం కదిలింది. నవ్వు కాదు, నవ్వుకు దగ్గర చుట్టం.

చేరడం ఏమంత తేలిక కాలేదు. నేను మానేసిన తరువాత కర్ణాటకలో డిగ్రీ పద్ధతి రెండుసార్లు మారింది. 2021లో జాతీయ విద్యా విధానం ప్రకారం నాలుగేళ్ళ పద్ధతి పెట్టారు, 2024లో మళ్ళీ మూడేళ్ళకు వచ్చారు. నేను పాసైన పాత పేపర్లు కొత్త లెక్కలో ఇమడలేదు. మొదటి సెమిస్టరు నుంచీ మొదలు పెట్టాలన్నారు. ఇరవై ఆరేళ్ళకు మొదటి సంవత్సరం! ఫీజుకు నాన్నగారు ఫిక్సెడ్ డిపాజిట్ తీస్తానన్నారు, నేను వద్దన్నాను. చివరకు అమ్మ తీర్పు చెప్పింది. మొదటి సెమిస్టరు ఫీజు అప్పుగా తీసుకోవాలి, నోటుపుస్తకంలో రాయాలి. "బీకాం చదివేవాడివి గదా, లెక్క రాసుకో."

బసవనగుడి వైపు ఒక సాయంకాలం కాలేజీలో చేరాను. సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా తరగతులు. మొదటి రోజు నేను తరగతిలో అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడి "గుడ్ ఈవెనింగ్ సార్" అన్నారు. నేను వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేసరికి గొల్లుమన్నారు. ఇప్పుడు అందరికీ 'అన్న'ను. మా తరగతిలో చీరల కొట్టులో బిల్లులు రాసే అమ్మాయి ఉంది. పగలంతా బండి మీద పొట్లాలు అందించి, తరగతిలో కళ్ళు తెరిచే నిద్రపోయే కుర్రవాడున్నాడు. బ్యాంకులో అటెండరుగా చేసే నలభై ఒక్కేళ్ళ ఆయన ఉన్నారు. డిగ్రీ ఉంటే క్లర్కు పరీక్ష రాయవచ్చునని ఆయన ఆశ. ఆయన కూతురు ఈ ఏడు పీయూసీ. తండ్రీ కూతుళ్ళు ఒకే బల్ల మీద చదువుకుంటారట. ఆయన ముందు నా ఇరవై ఆరు ఏపాటి?

దిగే స్టేషను పేరు నేషనల్ కాలేజ్. ఆ కాలేజీ పేరు చెబితే హెచ్. నరసింహయ్య గారు గుర్తుకు రావాలి. గౌరీబిదనూరు దగ్గర హొసూరు అనే పల్లె వారిది. 1935లో హైస్కూలు చదువు కోసం అక్కడి నుంచి బెంగళూరుకు నడిచి వచ్చారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో చదువు వదిలేసి జైలుకు వెళ్ళారు. బయటికి వచ్చాక మళ్ళీ కాలేజీలో కూర్చుని భౌతిక శాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేశారు. ఆ తరువాత నేషనల్ కాలేజీకి ప్రిన్సిపాలు, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరు. ఆయన దేశం కోసం మానేశారు, నేను జీతం కోసం మానేశాను. పోలిక పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. వదిలేసిన బెంచీ దగ్గరికి తిరిగి వచ్చి కూర్చున్నవారు మనకన్న ముందు కూడా ఉన్నారని తెలిస్తే నడక కొంచెం తేలికవుతుంది, అంతే.

బెంగళూరులో తెలుగు కుర్రవాడికి పని లేదని తెలిస్తే పెద్దలు మొదట చెప్పేది మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సంగతి. వీధి దీపం కింద చదివిన కథ నేను ఇప్పటికి ఏడుగురి నోట విన్నాను. నాకు నచ్చింది దీపం కాదు. ఆయన పిల్లలకు ట్యూషన్లు చెప్పి ఆ డబ్బుతో ఇక్కడి సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బీఏ పాసయ్యారు. దీపం మాట చెప్పినవాళ్ళెవరూ ఈ ట్యూషన్ల మాట ఎత్తలేదు. అది పట్టుకుని నేనూ మా వీధిలో ఎనిమిదో తరగతి పిల్లలు ముగ్గురికి లెక్కలు చెబుతున్నాను.

ఇప్పుడు నా దినచర్య ఇది. పొద్దున ట్యూషను. తొమ్మిదిన్నరకు చిక్కపేట, తాత కొట్టు. నేను బాగు చేసిన వాచీకి ఒక్కోదానికి 80 రూపాయలు ఇస్తాడు. వారానికి ఆరేడు అవుతాయి, పాడు చేసినవి లెక్కలోకి రావు. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ఇద్దరం క్యారియరు పంచుకుంటాం. విషయం తెలిసినప్పటి నుంచి అమ్మ ఒక గిన్నె ఎక్కువ కడుతోంది. సాయంత్రం కాలేజీ. రాత్రి పదింటికి అకౌంటెన్సీ. ఉద్యోగం ఇంకా రాలేదు. ఈ సంచిక మీకు అందేసరికి మొదటి సెమిస్టరు పరీక్షల్లో ఉంటాను. నోటుపుస్తకంలో నాన్నగారి బాకీ సగం తీరింది.

పనిలేని పిల్లలు ఇంట్లో ఉన్న తల్లిదండ్రులకు ఒక మనవి. "ఏం చేస్తున్నావు?" అని అడిగితే మేము గోడ వైపు చూస్తాం. "ఇవాళ ఏం తిన్నావు, ఎక్కడ తిన్నావు?" అని అడగండి. నిజం ఆ దారిన త్వరగా బయటపడుతుంది. బీన్స్ కూర సాక్షి.

నాలాంటి పిల్లలకు కూడా ఒక మాట. ఏదో ఒక చేతిపని పట్టుకోండి, డబ్బు వచ్చినా రాకపోయినా. దరఖాస్తు పెడితే జవాబు ఎప్పుడొస్తుందో తెలియదు. వాచీకి నూనె వేస్తే నడిచిందో లేదో అరనిమిషంలో తెలుస్తుంది. రోజుకొక్కసారి అయినా ఏదో ఒకటి మన చేతిలో నడవాలి.

కిందటి నెలలో ఒక పొద్దున నాన్నగారు బీరువా తెరిచి, తన పాత హెచ్ఎంటీ వాచీ తెచ్చి నా క్యారియరు పక్కన పెట్టారు. రిటైరయ్యేదాకా చేతికి ఉండినది. "చూడు, నడుస్తుందేమో" అన్నారు. రెండు రోజులు తాత దగ్గర కూర్చుని విప్పాను, కడిగాను, నూనె వేశాను, బిగించాను. నడిచింది. కాని రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతోంది. ఇంకా సరిచేస్తానంటే నాన్నగారు వద్దన్నారు. చేతికి కట్టుకుని, "పరవాలేదులే. నువ్వు ఆరేళ్ళు లేటు. ఇది నాలుగు నిమిషాలేగా" అన్నారు.

అందరం నవ్వాం. కాని నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. ఎందుకంటే చివర చెబుతానన్న సంగతి ఇదే. మార్చిలో నేను చిక్కపేటలో అమ్మబోయిన వాచీ ఇదే. అమ్మ గుడికి వెళ్ళినప్పుడు బీరువాలో నుంచి తీశాను. తాత కొనలేదు గనుక ఆ సాయంత్రమే తిరిగి పెట్టేశాను. కొని ఉంటే అమ్మేసేవాడినే. ఇంట్లో ఎవరికీ తెలియదు.

నాన్నగారు ఈ పత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ప్రకటనలతో సహా చదువుతారు. నా మొదటి అబద్ధం ఈ పేజీ వల్లనే ఆయనకు తెలిసింది. రెండోది ఇంకొకరు ఫోను చేసి చెప్పకముందే ఈ పేజీలోనే నేనే చెబుతున్నాను. నాన్నా, క్షమించండి. ఈసారి ఎన్ని రోజులు మాట్లాడకపోయినా సరే, వాచీకి మాత్రం రోజూ కీ ఇవ్వడం మరవకండి.

వచ్చే ఉగాది సంచికలో, పరీక్ష ఫలితాలతో కలుసుకుందాం. సెలవు.